కోచ్‌కి మెయిల్ ఎవరు రాయాలి? అమెరికా కాలేజీ టెన్నిస్: మొదటి మెయిల్ నుంచి అడ్మిషన్ దాకా

టెన్నిస్ ఆడే పిల్లలకు పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చేసరికి మన ఇళ్లలో ఒక గొడవ మొదలవుతుంది. ఆటా, చదువా? అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) జూనియర్ టోర్నీలకు తిప్పాలంటే లక్షలు కావాలి. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేస్తే రాకెట్ అటకెక్కుతుంది. ఈ రెండూ కలిపి సాగే దారి అమెరికా కాలేజీ టెన్నిస్‌లో ఉంది. ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడి వచ్చాకే 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. అమెరికాలో తెలుగు కుటుంబంలో పెరిగిన నిశేష్ బసవారెడ్డి స్టాన్‌ఫర్డ్‌కి ఆడి 2024 డిసెంబరులో ప్రోగా మారాడు. మరుసటి నెలలో ఆస్ట్రేలియన్ ఓపెన్ తొలి రౌండ్‌లో జొకోవిచ్ మీద తొలి సెట్ గెలిచి, తర్వాత మ్యాచ్ ఓడాడు.

ఆట ఉన్న పిల్లలు కూడా ఈ దారిలో ఆగిపోయేది ఎక్కువగా మాట దగ్గర. కోచ్‌కి మెయిల్ నాన్న రాస్తాడు, ఫోన్ అమ్మ ఎత్తుతుంది, డబ్బు సంగతి అడగడానికి అందరికీ మొహమాటం. ఈ వ్యవహారంలో మొహమాటం పనికిరాదు. కోచ్‌కి ఏడాదికి రెండో మూడో ఖాళీలుంటాయి. వాటిలో ఒకటి మీ వాడికి ఇస్తున్నాడా లేదా, ఇస్తే ఏ షరతుల మీద అన్నది సూటిగా అడిగితే సూటిగా చెప్తాడు. అడగకపోతే చెప్పడు. కింద రాసిందంతా టెన్నిస్‌ని దృష్టిలో పెట్టుకుని రాసినా, ఈతకీ గోల్ఫ్‌కీ చాలావరకు పనికొస్తుంది.

మొదటి అడుగు: ఎవరు ఏమి ఇవ్వగలరో తెలుసుకోండి

అమెరికా కాలేజీ ఆటల్లో పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ. అందులో మూడు డివిజన్లు. డివిజన్ 1, 2 కాలేజీలు ఆట స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. డివిజన్ 3 ఇవ్వదు, చదువును బట్టీ కుటుంబ ఆదాయాన్ని బట్టీ ఇచ్చే సాయమే ఉంటుంది. హార్వర్డ్, ప్రిన్స్‌టన్, కొలంబియా లాంటి ఐవీ లీగ్ కాలేజీలు ఆడేది డివిజన్ 1లోనే అయినా ఆట స్కాలర్‌షిప్ ఇవ్వవు. ఇవి కాక ఎన్‌ఏఐఏ అనే వేరే సంస్థ కింద చిన్న కాలేజీలున్నాయి, వాటిలో స్కాలర్‌షిప్ ఉంటుంది. రెండేళ్ల జూనియర్ కాలేజీలకు ఎన్‌జేసీఏఏ ఉంది.

మనవాళ్లు డివిజన్ 3 అనగానే "మూడో రకం" అనుకుంటారు. అది తప్పు. ఎంఐటీ, షికాగో యూనివర్సిటీ, ఎమొరీ, విలియమ్స్, ఆమ్‌హర్స్ట్ ఆడేది డివిజన్ 3లోనే. చదువులో గట్టిగా ఉండి, ఆటలో జాతీయ స్థాయికి కొంచెం కింద ఉన్న పిల్లలకు ఇదే సరైన చోటు అని నా అభిప్రాయం.

డబ్బు లెక్క ఈ మధ్యే మారింది. అంతకుముందు డివిజన్ 1 పురుషుల టెన్నిస్‌లో ఒక జట్టు మొత్తానికి 4.5 స్కాలర్‌షిప్‌లు, మహిళల జట్టుకు 8 ఉండేవి. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసులో కుదిరిన రాజీని 2025 జూన్‌లో కోర్టు ఆమోదించాక, ఆ ఒప్పందంలో చేరిన కాలేజీల్లో స్కాలర్‌షిప్‌ల సంఖ్య మీద హద్దు పోయింది, దాని బదులు జట్టులో ఎంతమంది ఉండొచ్చన్న హద్దు వచ్చింది. టెన్నిస్‌కి అది 10 మంది. పది మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇచ్చే స్తోమత ఎన్ని కాలేజీలకు ఉంటుందన్నది వేరే సంగతి. పైగా ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారే ఆటగాళ్లు పెరిగారు. ఇరవై ఒకటేళ్ల అనుభవమున్నవాడు దొరుకుతుంటే పదిహేడేళ్ల కుర్రాడి కోసం కోచ్ ఎందుకు ఎదురుచూడాలి? మీ మెయిల్ జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇదే.

రెండో అడుగు: క్యాలెండర్

పిల్లలు కోచ్‌కి ఎప్పుడైనా మెయిల్ పెట్టొచ్చు. కోచ్ తిరిగి రాయడానికే నియమాలున్నాయి. డివిజన్ 1లో టెన్నిస్‌తో సహా ఎక్కువ ఆటలకు, పదో తరగతి అయిన ఏడాది జూన్ 15 నుంచే కోచ్ మెయిల్, మెసేజ్, ఫోన్ చెయ్యొచ్చు. అంతకుముందు మీరు ఫోన్ చేసినా మాట్లాడకూడదు. క్యాంప్ కరపత్రం, వివరాల ఫారం లాంటివి మాత్రం పంపొచ్చు. ఆగస్టు 1 నుంచి కాలేజీకి పిలిచి చూపించొచ్చు. డివిజన్ 3లో మెయిళ్లకు, ఫోన్లకు ఇలాంటి తేదీ లేదు.

మన లెక్కలో చెప్పాలంటే, ఇంటర్‌లో చేరి కొత్త పుస్తకాలు కొనే రోజుల్లోనే ఈ తలుపు తెరుచుకుంటుంది. కాబట్టి తొమ్మిదిలో పంపిన మెయిల్‌కి జవాబు రాలేదని దిగులు పడొద్దు. కోచ్ చదివే ఉండొచ్చు, రాయడానికి వీల్లేదు. జూన్ 15 తర్వాతా జవాబు రాకపోతే అప్పుడు ఆలోచించాలి.

ఇంకో తేదీ మనవాళ్లకు చాలా ముఖ్యం. ఇంటర్ అయ్యాక ఒక ఏడాది ఖాళీగా ఉండి టోర్నీలు ఆడితే ర్యాంకు పెరుగుతుందని, అప్పుడు మంచి కాలేజీ వస్తుందని ఒక ఆలోచన ఉంటుంది. డివిజన్ 1 టెన్నిస్‌లో స్కూలు చదువు అయ్యాక ఆరు నెలల్లోపు కాలేజీలో చేరకుండా పోటీల్లో ఆడుతూ ఉంటే, కాలేజీకి ఆడే నాలుగేళ్లలో కోత పడుతుందన్నది చాలాకాలంగా ఉన్న నియమం. ఈ అర్హత నియమాల మీద ఇప్పుడు గట్టి చర్చే నడుస్తోంది. అందుకే గ్యాప్ తీసుకోవాలనుకుంటే ముందే కోచ్‌ని మెయిల్‌లో అడిగి, జవాబు దాచిపెట్టుకోండి.

మూడో అడుగు: కాగితాలు, పేరు

ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో ఖాతా తెరవాలి. డివిజన్ 1కి 9 నుంచి 12 దాకా 16 కోర్ సబ్జెక్టులు కావాలి (ఒక సబ్జెక్టు ఒక ఏడాది చదివితే ఒకటిగా లెక్క): ఇంగ్లిష్ నాలుగేళ్లు, లెక్కలు మూడు, సైన్స్ రెండు, సోషల్ రెండు, మిగతావి వాటికి అదనం. కోర్ జీపీఏ, అంటే వాటిలో వచ్చే గ్రేడ్ల సగటు, కనీసం 2.3, డివిజన్ 2కి 2.2. 9వ తరగతి మొదలుపెట్టిన దగ్గర్నుంచి నాలుగేళ్లలో ఇవి పూర్తవ్వాలి. మన ఎంపీసీ, బైపీసీ పిల్లలకు ఈ లెక్క పెద్ద కష్టం కాదు, ఎందుకంటే సోషల్ 9, 10లో అయిపోతుంది. ఆట కోసం ఓపెన్ స్కూల్‌కి మారాలనుకునేవాళ్లు మాత్రం, మారకముందే ఆ సబ్జెక్టులు లెక్కకు వస్తాయో లేదో ఎలిజిబిలిటీ సెంటర్‌ని అడగండి. ఎన్‌సీఏఏ అర్హతకు ఎస్‌ఏటీ (అమెరికా కాలేజీల ప్రవేశానికి రాసే పరీక్ష) ఇప్పుడు అక్కర్లేదు. కాలేజీ అడ్మిషన్‌కి అక్కర్లేదని దానర్థం కాదు. హార్వర్డ్, ఎంఐటీ సహా చాలా చోట్ల మళ్లీ తప్పనిసరి చేశారు.

ఇక పేరు. ఇది తెలుగువాళ్లకే వచ్చే తిప్పలు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, యూటీఆర్ (ఆటగాడి స్థాయిని అంకెలో చూపే యూనివర్సల్ టెన్నిస్ రేటింగ్) ప్రొఫైల్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఐటీఎఫ్ ఐడీలో మధ్యలో కుమార్ ఎగిరిపోయి ఉంటుంది. కోచ్ మీ మెయిల్ చూసి చేసే మొదటి పని ఆ పేరును యూటీఆర్‌లో వెతకడం. దొరక్కపోతే ఇంకో మెయిల్‌కి వెళ్లిపోతాడు. పాస్‌పోర్టులో ఉన్నట్టే అన్నిచోట్లా మార్పించండి. ఒకే మనిషికి రెండు యూటీఆర్ ప్రొఫైళ్లుంటే కలిపించండి. మెయిల్ ఐడీ కూడా అదే పేరుతో ఉండాలి, చిన్నప్పుడు పెట్టుకున్న గేమింగ్ పేరుతో కాదు.

అమెరికాలో ఉన్న మన పిల్లల్లో హెచ్4 వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. అక్కడే చదివినా, ఆర్థిక సాయం విషయంలో ఎక్కువ కాలేజీలు వాళ్లని విదేశీ విద్యార్థుల కిందే లెక్కేస్తాయి. ఫెడరల్ సాయం రాదు. వీసా సంగతి రెండో మూడో సంభాషణలోనే కోచ్‌కి చెప్పేయాలి. చివర్లో తెలిస్తే ఆయన వేసుకున్న డబ్బు లెక్క మొత్తం తారుమారవుతుంది.

నాలుగో అడుగు: జాబితా

30 నుంచి 40 కాలేజీలు. ఒక్కో కాలేజీ టెన్నిస్ పేజీలో రోస్టర్, అంటే జట్టు ఆటగాళ్ల జాబితా, ఉంటుంది. అక్కడున్న ఆటగాళ్లు ఏ ఏడాది చదువుతున్నారో, మీరు చేరే ఏడాదికి ఎవరెవరు వెళ్లిపోతారో చూడండి. వాళ్ల యూటీఆర్‌లు చూడండి. కాలేజీ మ్యాచ్‌లో ఆరు సింగిల్స్, మూడు డబుల్స్. మీ రేటింగ్ అక్కడ 5, 6 స్థానాల వాళ్ల దగ్గరికి వస్తుంటే ఆ కాలేజీ మీ జాబితాలో ఉండాలి. నంబర్ 1 కంటే మీరే చాలా పైన ఉంటే డబ్బు ఎక్కువ అడగొచ్చు. రోస్టర్‌లో చివరివాడి కంటే రెండు పాయింట్లు కింద ఉంటే ఆ కాలేజీని వదిలెయ్యండి, పేరు ఎంత పెద్దదైనా సరే. విదేశీ ఆటగాళ్లు ఎంతమంది ఉన్నారన్నది కూడా చూసుకోండి. ఒక్కరూ లేని జట్టులో చోటు దొరకడం కష్టం.

ఈతగాళ్లకు ఒక మాట. అమెరికా కాలేజీ ఈత 25 గజాల కొలనులో జరుగుతుంది, మీ టైమింగ్స్ 50 మీటర్లవి. మార్చిన టైమింగ్ రాయొచ్చు కానీ అసలుది కూడా పక్కనే రాయండి.

ఐదో అడుగు: మొదటి మెయిల్

ఇలా మొదలయ్యే మెయిళ్లు కోచ్‌లకు వస్తూనే ఉంటాయి: "గౌరవనీయులైన సర్, మా అబ్బాయికి ఐదో ఏట నుంచీ టెన్నిస్ అంటే ప్రాణం. చాలా కష్టపడే మనస్తత్వం. మీ ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయంలో ఒక అవకాశం ఇప్పించగలరు." ఇందులో కోచ్‌కి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. రేటింగ్ లేదు, చేరే ఏడాది లేదు, ఏ కాలేజీకైనా పంపగలిగే మెయిల్ ఇది. అన్నిటికంటే ముఖ్యం, రాసింది తండ్రి. పద్దెనిమిదేళ్లకు ఒంటరిగా ఖండాలు దాటి వచ్చి ఉండాల్సినవాడు ఒక మెయిల్ కూడా సొంతంగా రాయలేడా అన్న అనుమానం కోచ్‌కి రావడం సహజం.

పిల్లలే రాయాలి, వాళ్ల ఐడీ నుంచి. "సర్" అక్కర్లేదు; కోచ్ అని, పక్కన ఆయన ఇంటిపేరు. సబ్జెక్ట్ లైన్‌లోనే చేరే ఏడాది, యూటీఆర్, ఊరు, పేరు ఉండాలి. మెయిల్ ఇంగ్లిష్‌లోనే రాస్తారు గానీ, విషయం ఈ మాదిరిగా ఉండాలి:

"కోచ్, నేను హైదరాబాద్‌లో ఇంటర్ మొదటి ఏడాది ఎంపీసీ చదువుతున్నాను. 2028 ఆగస్టులో కాలేజీలో చేరతాను. సింగిల్స్ యూటీఆర్ 10.8, ఏడాది కిందట 9.9. పదో తరగతిలో 93 శాతం వచ్చింది, ఎస్‌ఏటీ అక్టోబరులో రాస్తున్నాను. ఎడమచేతి వాటం. ఎక్కువగా బేస్‌లైన్ నుంచి ఆడతాను, డబుల్స్‌లో నెట్ దగ్గర బాగుంటాను. 2028కి మీ జట్టులో ఇద్దరు ఎడమచేతి వాటం వాళ్లు వెళ్లిపోతున్నారని రోస్టర్‌లో చూశాను. మీ ఆటగాళ్లలో ఒకరు మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతున్నారు, నేనూ అదే చదవాలనుకుంటున్నాను. గత నెల ఆడిన సెమీఫైనల్ వీడియో లింకు కింద ఉంది. 2028కి ఎంతమందిని తీసుకుంటున్నారు? నా స్థాయి మీ జట్టుకు సరిపోతుందా? నా అకాడమీ కోచ్ నంబరు, మెయిల్ ఇస్తున్నాను, నా గురించి ఆయన్ని అడగొచ్చు."

అంతే. ఫోన్ తెర మీద రెండు సార్లు జరిపితే అయిపోవాలి. చివర్లో ప్రశ్న ఉండటం చాలా అవసరం, లేకపోతే కోచ్ జవాబు రాయడానికి పట్టు దొరకదు. మెడల్స్ ఫొటోలు, పేపర్ కటింగులు, జిల్లా కలెక్టర్ చేతుల మీదుగా అందుకున్న సర్టిఫికెట్ అటాచ్ చెయ్యకండి.

వీడియో సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన టోర్నీలకు అమెరికా కోచ్‌లు వచ్చి చూడటం అరుదు. బేస్‌లైన్ వెనక, కంచె కంటే ఎత్తులో కెమెరా పెట్టండి. కోర్టు మొత్తం కనపడాలి. ఐదు నుంచి ఎనిమిది నిమిషాల ఆట చాలు, కానీ అది నిజమైన మ్యాచ్ అయ్యుండాలి, వరసగా రెండు మూడు గేములు కోత లేకుండా ఉండాలి. కోచ్ చూసేది విన్నర్లు కాదు. డబుల్ ఫాల్ట్ కొట్టాక తర్వాతి పాయింట్‌కి ఎలా నడుస్తున్నాడు, షాట్ కొట్టాక కాళ్లు ఎంత త్వరగా సర్దుకుంటున్నాయి, రెండో సర్వ్‌లో ధైర్యం ఉందా, అవీ చూస్తాడు. సినిమా పాట వెనకాల పెట్టి, స్లో మోషన్‌లో ఫోర్‌హ్యాండ్‌లు చూపించే వీడియో పెళ్లి వీడియోలా ఉంటుంది. అది చుట్టాలకు పంపండి. ఎదుటివాడి పేరు, స్కోరు వీడియో కింద రాయండి. లింకు పాస్‌వర్డ్ అడగకుండా తెరుచుకోవాలి.

ఆరో అడుగు: జవాబుల అర్థం

వారం పది రోజుల్లో జవాబు రాకపోతే ఇంకోసారి చిన్నగా రాయండి, అసిస్టెంట్ కోచ్‌కి కూడా. చాలా జట్లలో మెయిళ్లు ముందు చూసేది ఆయనే. ఆ తర్వాత నాలుగైదు వారాలకోసారి, అదీ కొత్త విషయం ఉంటేనే: రేటింగ్ పెరిగింది, ఎస్‌ఏటీ స్కోరు వచ్చింది, ఫలానా టోర్నీ ఆడుతున్నాను. ఓటమి కూడా విషయమే. "క్వార్టర్స్‌లో టాప్ సీడ్‌కి 6-7, 5-7తో ఓడిపోయాను, రెండో సెట్‌లో సెట్ పాయింట్ వదులుకున్నాను" అని రాసేవాడి మీద కోచ్‌కి నమ్మకం పెరుగుతుంది. స్కోర్లు ఎలాగూ ఆయనకు కనపడతాయి, దాచి లాభం లేదు.

కోచ్‌లు మర్యాదగా రాస్తారు. ఆ మర్యాదను మనం హామీ అనుకుంటాం. "కీప్ మీ పోస్టెడ్" అంటే ఇప్పటికి నువ్వు మా జాబితాలో పైన లేవు అని. క్యాంప్‌కి రమ్మని మెయిల్ వస్తే అది వందలమందికి వెళ్లిందే అయ్యుండొచ్చు. డబ్బు కట్టి విమానం ఎక్కేముందు "ఈ క్యాంప్‌లో 2028 వాళ్లని చూస్తున్నారా, నన్ను చూడాలని ప్రత్యేకంగా అనుకుంటున్నారా" అని అడగండి. మార్కుల మెమోలు పంపమన్నా, ఏ రోజు మాట్లాడదామని అడిగినా, అకాడమీ కోచ్‌కి ఫోన్ చేసినా, అది నిజమైన ఆసక్తి.

వాకాన్ అన్న మాట వినిపిస్తే జట్టులో చోటు ఉంది, ఆట డబ్బు లేదని అర్థం. 10 మంది హద్దు వచ్చాక డివిజన్ 1లో అలాంటి చోట్లూ తగ్గాయి.

ఏడో అడుగు: ఫోన్ కాల్

ముందు టైమ్. ఇండియా సాయంత్రం 6:30 అంటే వేసవిలో న్యూయార్క్‌లో ఉదయం 9. చలికాలంలో అదే ఉదయం 9 మనకు రాత్రి 7:30. అమెరికాలో మార్చిలో, నవంబరులో గడియారం మారుస్తారు, ఆ వారాల్లో గంట తేడాతో కాల్ తప్పిపోవడం మామూలే. కాబట్టి మెయిల్‌లో రెండు దేశాల టైమూ రాయండి.

కాల్‌లో పిల్లలే మాట్లాడాలి. అమ్మానాన్నా పక్కగదిలో ఉంటే మంచిది. కోచ్ "ఏం చదవాలనుకుంటున్నావ్?" అనగానే వెనక నుంచి "కంప్యూటర్ సైన్స్ అని చెప్పు" అన్న గుసగుస స్పీకర్‌లో చక్కగా వినిపిస్తుంది. కోచ్ అడిగేవి పెద్ద కష్టమైనవి కావు: మా కాలేజీయే ఎందుకు, నీ ఆటలో బలహీనత ఏంటి, వారంలో ఎన్ని గంటలు ప్రాక్టీస్, ఇంకా ఏ కాలేజీలతో మాట్లాడుతున్నావ్. చివరి ప్రశ్నకు మనవాళ్లు తడబడతారు, వేరే పేర్లు చెబితే కోపం వస్తుందేమో అని. రాదు. నిజం చెప్పండి. వేరే కోచ్‌లు కూడా అడుగుతున్నారంటే ఈయనకు తొందర పుడుతుంది. లేని ఆఫర్ ఉందని మాత్రం అనకూడదు. కోచ్‌లు ఒకరికొకరు తెలిసినవాళ్లు.

తర్వాత మీ ప్రశ్నలు. కాగితం మీద రాసుకుని ముందు పెట్టుకోవచ్చు:

"నా ఏడాదికి ఎంతమందిని తీసుకుంటున్నారు? మీ జాబితాలో నేను ఎక్కడున్నాను?"

"నన్ను తీసుకోవాలంటే ఇంకా ఏం చూడాలి? రేటింగా, ఎస్‌ఏటీనా?"

"ఎప్పటికి నిర్ణయిస్తారు?"

"మొదటి ఏడాది నేను లైనప్‌లో ఉంటానని అనుకుంటున్నారా?"

ఇలా సూటిగా అడగడానికి మన పిల్లలకు నోరు రాదు. పెద్దవాళ్లని అలా నిలదీసినట్టు అడగొద్దని పెంచాం మరి. ఇంట్లో ఒకటి రెండుసార్లు అమ్మనో అక్కనో కోచ్ అనుకుని ప్రాక్టీస్ చేయించండి. టెన్షన్ సగం తగ్గుతుంది.

కాల్ అయిన రోజే థాంక్యూ మెయిల్, అందులో కోచ్ చెప్పిన విషయాలు రెండు వాక్యాల్లో: "జనవరిలోపు ఎస్‌ఏటీ స్కోరు పంపమన్నారు, మార్చిలో నిర్ణయం చెప్తామన్నారు." ఆ మెయిల్ రేపు మీకు రికార్డు.

ఎనిమిదో అడుగు: డబ్బు మాట

ఇక్కడే తల్లిదండ్రులు రావాలి, అంతకుముందు కాదు. కోచ్ ఆఫర్ గురించి ఎత్తాక, "మా నాన్నగారు ఖర్చుల గురించి మాట్లాడాలనుకుంటున్నారు" అని పిల్లలే కలపడం మర్యాద. అప్పుడు మీరు అడగాల్సింది శాతం కాదు, మొత్తం. "50 శాతం స్కాలర్‌షిప్" అంటే ట్యూషన్‌లో సగమా, హాస్టల్, భోజనం, పుస్తకాలు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి సగమా? ఏడాదికి మా చేతి నుంచి ఎన్ని డాలర్లు పోతాయి? ఇది ఒక్క ఏడాదికా, నాలుగేళ్లకా? గాయమైతే? మీరు వేరే కాలేజీకి వెళ్లిపోతే? ఆఖరి ప్రశ్న మొరటుగా అనిపిస్తుంది కానీ కోచ్‌లు మారుతూనే ఉంటారు, అడగడంలో తప్పులేదు. ఆట డబ్బుకి చదువు స్కాలర్‌షిప్ కలపొచ్చా అని కూడా అడగండి. మార్కులు బాగున్న మన పిల్లలకు చాలాసార్లు ఎక్కువ డబ్బు అటునుంచే వస్తుంది.

ఎఫ్1 వీసా మీద వెళ్లేవాళ్లకు స్కాలర్‌షిప్‌లో హాస్టల్, భోజనానికి ఇచ్చే భాగం మీద పన్ను పడుతుంది, సాధారణంగా 14 శాతం. ఇది ఎవరూ ముందు చెప్పరు. అలాగే బ్రాండ్ల ప్రచారం ద్వారా కాలేజీ ఆటగాళ్లు సంపాదిస్తున్నారన్న వార్తలు చూసి లెక్కలు వేసుకోకండి, స్టూడెంట్ వీసా మీద పని చేయడానికి ఉన్న ఆంక్షలు గట్టివి.

ఏజెంట్ల గురించి ఒక్కమాట. డబ్బు తీసుకుని వందల మంది కోచ్‌లకు ఒకే మెయిల్ పంపేవాళ్లున్నారు. కోచ్‌ల మెయిల్ ఐడీలు కాలేజీ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. రోస్టర్లు చదివి, కాలేజీలు వెతికి, పిల్లల చేత రాయించేవాళ్లయితే సరే. పిల్లల పేరుతో వాళ్లే రాసేవాళ్లయితే, మొదటి ఫోన్ కాల్‌లోనే బయటపడుతుంది.

తొమ్మిదో అడుగు: కోచ్ మాట, అడ్మిషన్ మాట

ఇవి రెండూ వేరు. కోచ్ జట్టులోకి తీసుకుంటాడు, కాలేజీలోకి తీసుకునేది అడ్మిషన్స్ ఆఫీసు. పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీల్లో కనీస అర్హత ఉంటే ఈ తేడా పెద్దగా తెలియదు. చదువులో కఠినమైన కాలేజీల్లో మాత్రం ఇదే అసలు అడ్డంకి.

అక్కడ ప్రీ-రీడ్ అని ఒకటి ఉంటుంది. 11వ తరగతి అయ్యాక, జూలైలో, కోచ్ మీ మెమోలు, ఎస్‌ఏటీ స్కోరు, 12లో చదవబోయే సబ్జెక్టులు అడ్మిషన్స్ వాళ్లకు చూపించి అభిప్రాయం తీసుకుంటాడు. మీరు అడగాల్సింది: "ప్రీ-రీడ్‌లో ఏమన్నారు? మీ పూర్తి మద్దతు నాకు ఉందా, లేక మంచిమాట మాత్రం రాస్తారా? అలాంటి మద్దతు ఉన్నవాళ్లలో అడ్మిషన్ రానివాళ్లు గత ఏళ్లలో ఉన్నారా?" ప్రీ-రీడ్ బాగుందంటే సీటు వచ్చినట్టు కాదు. డివిజన్ 3లో కోచ్ మద్దతు ఇచ్చేటప్పుడు సాధారణంగా ఎర్లీ డెసిషన్‌లో అప్లై చెయ్యమంటాడు. అది ఎక్కువ కాలేజీలకు నవంబరు మొదట్లోనో మధ్యలోనో ఉంటుంది. సీటు వస్తే చేరి తీరాలి. అందుకే ఒప్పుకునేముందు కాలేజీ నుంచి ఆర్థిక సాయం అంచనా కూడా అడిగి తెప్పించుకోండి. ఐవీ కాలేజీల్లో అక్టోబరు 1 నుంచి అడ్మిషన్స్ ఆఫీసు లైక్లీ లెటర్ (సీటు దాదాపు ఖాయమని ముందే చెప్పే ఉత్తరం) పంపొచ్చు. ఆ ఉత్తరం వచ్చాక ఊపిరి పీల్చుకోవచ్చు. కోచ్ నోటిమాట దానికి సమానం కాదు.

పదో అడుగు: ఒప్పుకోవడం, కాదనడం

నోటితో చెప్పే కమిట్‌మెంట్‌కి రెండువైపులా చట్టపరమైన కట్టు లేదు. నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అనే పాత పత్రాన్ని 2024 అక్టోబరులో ఎత్తేశారు. ఇప్పుడు స్కాలర్‌షిప్ ఒప్పంద పత్రమే ఆధారం. దాన్ని 12వ తరగతి ఏడాది నవంబరు నుంచి సంతకం చేయొచ్చు. సంతకం అయ్యేదాకా మిగతా కోచ్‌లతో సంబంధం తెంచుకోకండి, కానీ ఒక కోచ్‌కి మాట ఇచ్చి ఇంకోచోట బేరాలాడటం వేరు, అది చేయొద్దు.

కాదనాల్సిన కోచ్‌లకు పిల్లలే స్వయంగా రాయాలి. నాలుగు వాక్యాలు: థాంక్యూ, నేను వేరే కాలేజీ ఎంచుకున్నాను, మీరు ఇచ్చిన సమయానికి కృతజ్ఞతలు, ఈ సీజన్‌కి శుభాకాంక్షలు. జవాబు ఇవ్వకుండా మాయమవడం మనవాళ్లలో ఎక్కువ, బాధపెట్టడం ఎందుకని. ఆ కోచ్ మీ కోసం ఒక ఖాళీ ఆపి ఉంచాడు. రెండేళ్ల తర్వాత మీ అబ్బాయి ట్రాన్స్‌ఫర్ అవ్వాలనుకుంటే తలుపు తట్టాల్సింది ఆయన దగ్గరే కావచ్చు.

సంతకం తర్వాత

ఒప్పంద పత్రం కాపీ కాలేజీ విదేశీ విద్యార్థుల ఆఫీసుకి చేరిందో లేదో కోచ్‌ని అడగండి, ఐ-20లో (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) స్కాలర్‌షిప్ మొత్తం సరిగ్గా పడటానికి అది కావాలి. మిగతా మొత్తానికి మీ బ్యాంకు కాగితాలు. ఐ-20 వచ్చాకే సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజు 350 డాలర్లు, డీఎస్-160 వీసా దరఖాస్తు, తర్వాత హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ స్లాట్. వేసవిలో స్లాట్లు దొరకడం కష్టం, ఐ-20 ఆలస్యమవుతుంటే కోచ్‌కి చెప్పండి. ఆయన ఒక ఫోన్ చేస్తే ఆ ఆఫీసులో ఫైలు కదులుతుంది. ఇంటర్ ఫలితాలు రాగానే చివరి మెమో ఎలిజిబిలిటీ సెంటర్‌కి చేర్చాలి. అది లేకుండా జట్టుతో ప్రాక్టీస్ మొదలైనా మ్యాచ్ ఆడనివ్వకపోవచ్చు. అలాగే జట్టు ఏ తేదీకి క్యాంపస్‌లో ఉండాలో అడిగి, ఆ తర్వాతే టికెట్ కొనండి.